క్రేన్ హుక్కు మార్చాలా? చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం యార్డుల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి, రామతీర్థం క్వారీల్లో డెరిక్ క్రేన్లు, ఒంగోలు చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లో గ్యాంట్రీలు, కృష్ణపట్నం పోర్టు దగ్గర మొబైల్ క్రేన్లు, నెల్లూరు రైస్ మిల్లుల్లో చైన్ బ్లాకులు, ఊరూరా హైడ్రాలు (బరువు ఎత్తుకుని నడిచే చిన్న మొబైల్ క్రేన్లు). యంత్రం ఏదైనా ఎత్తిన బరువంతా చివరికి ఒక్క హుక్కు మీదే పడుతుంది. క్రేన్ కొనేటప్పుడు బూమ్ గురించి, ఇంజన్ గురించి పది ప్రశ్నలు వేసేవాళ్లే హుక్కు దగ్గరికొచ్చేసరికి "పది టన్నులది ఒకటివ్వండి" అని ఊరుకుంటారు. హుక్కు మార్చే పని నెత్తిన పడ్డ ఓనర్లు, సూపర్‌వైజర్లు, ఫిట్టర్లు, ఆపరేటర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. మీ క్రేన్ మాన్యువల్‌లో ఇంతకంటే కఠినమైన హద్దు ఉంటే దాన్నే పాటించండి.

హుక్కు మార్చాల్సిన టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కంటితో చూస్తే సగం తెలుస్తుంది, మిగతా సగం కొలిస్తేనే తెలుస్తుంది. అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ బి30.10 చెప్పే హద్దులు మన దగ్గర కూడా చాలామంది ఇన్‌స్పెక్టర్లు వాడతారు. హుక్కు నోరు కొత్తగా ఉన్నప్పటి కొలత కంటే 5 శాతం పెరిగినా, ఆ పెరుగుదల 6 మిల్లీమీటర్లు దాటినా పక్కన పెట్టాలి. బరువు కూర్చునే అడుగు భాగంలో మందం 10 శాతానికి మించి అరిగితే పక్కన పెట్టాలి. వంపు గానీ మెలిక గానీ కంటికి కనిపించిందంటే అది ఎంతో కొలవాల్సిన పని కూడా లేదు. పగులు, లోతైన గాటు, గుంటలు పడిన తుప్పు, వెల్డింగ్ చేసిన మచ్చ, నిప్పు తగిలి రంగు మారిన గుర్తు, చెరిగిపోయిన టన్నుల ముద్ర, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంతే.

అయితే 5 శాతం పెరిగిందని చెప్పాలంటే మొదట ఎంత ఉండేదో తెలియాలి కదా. చాలా చోట్ల ఆ లెక్కే ఉండదు. ఐదేళ్లుగా వేలాడుతున్న హుక్కును చూపించి "ఇది తెరుచుకుందా?" అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

అందుకే కొత్త హుక్కు వచ్చిన రోజే నోటికి అటు మొన మీద ఒకటి, ఇటు కాడ మీద ఒకటి చిన్న సెంటర్ పంచ్ గుర్తు ఉండాలి. చాలా కంపెనీలు ఈ గుర్తులు తయారీలోనే ఇస్తాయి. లేకపోతే ఎక్కడ కొట్టవచ్చో కంపెనీని అడిగి, ఒత్తిడి తక్కువుండే చోట తేలికగా కొట్టాలి. రెండు గుర్తుల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి రిజిస్టర్‌లో రాసుకోండి. ఉదాహరణకు గుర్తుల మధ్య 60 మిల్లీమీటర్లు ఉంటే 63 దగ్గర ఆ హుక్కు పని అయిపోయినట్టే. అడుగు మందం 40 ఉంటే 36 దగ్గర అయిపోయినట్టు. 3 మిల్లీమీటర్లు అంటే దాదాపు రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందమే. కింద నిలబడి పైకి చూస్తే ఎవరికీ కనపడదు, హుక్కును కిందికి దించి చేతిలో కొలత పట్టుకునే చూడాలి.

కొంచెమే తెరుచుకుంది. వేడి చేసి సుత్తితో దగ్గరికి కొట్టిస్తే సరిపోదా?

సరిపోదు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

మంచి హుక్కు ఫోర్జింగ్ చేసి (కాల్చిన ఉక్కును దెబ్బలతో ఆకారానికి తెచ్చి), ఆ తర్వాత ఒక పద్ధతిలో వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేసి తయారవుతుంది. దాని బలం, సాగే గుణం రెండూ ఆ వేడి లెక్క మీదే ఆధారపడతాయి. గ్యాస్ కట్టర్ మంట పెట్టి ఎర్రగా చేసిన నిమిషంలో ఆ లెక్కంతా తప్పుతుంది. అది మెత్తబడిందో పెళుసెక్కిందో బయటికి కనపడదు. పెళుసెక్కితే ఇంకా ప్రమాదం. సరైన హుక్కు ఓవర్‌లోడ్ పడ్డప్పుడు విరగకుండా ముందు నెమ్మదిగా తెరుచుకుంటుంది, అలా మనకు కబురు పంపుతుంది. మంట తగిలిన హుక్కు ఏ కబురూ లేకుండా ఫట్‌మంటుంది.

వేడి చేయకుండా చల్లగానే ప్రెస్‌లో పెట్టి నొక్కినా ఇదే సంగతి. ఒకసారి సాగిన ఉక్కును వెనక్కి వంచితే లోపల సన్న పగుళ్లు పుట్టొచ్చు. అరిగిన చోట వెల్డింగ్ రాడ్‌తో నింపడం కూడా ఇలాంటిదే. మనూళ్ల లేత్ షాపుల్లో ఎంతటి పనిమంతులున్నా ఇది వాళ్ల చేతిపనికి సంబంధించిన విషయం కాదు, ఉక్కు స్వభావం.

కొత్తది కొనే ముందు పాతది ఎందుకు పాడయిందో చూడాల్సిన అవసరం ఉందా?

చాలా ఉంది. మమ్మల్ని అడిగితే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, కానీ అడిగేవాళ్లు తక్కువ. హుక్కు దానంతటది తెరుచుకోదు. ఏదో ఒకటి దాన్ని తెరిచింది. ఆ ఏదో అలాగే ఉండగా కొత్త హుక్కు బిగిస్తే ఆరు నెలలకు మళ్లీ ఇదే కథ.

పాత హుక్కును ఎండలో పెట్టి, కిరోసిన్‌తో గ్రీజు తుడిచి, తీరిగ్గా చూడండి. నోరు తెరుచుకుని, మొన దగ్గర తాడు రాసుకున్న మెరుపు గీతలు ఉన్నాయంటే స్లింగ్ (బరువుకు కట్టి హుక్కుకు తగిలించే తాడు, చైన్ లేదా బెల్టు) అడుగుదాకా కూర్చోకుండా మొన మీదే ఉండగా ఎత్తారని అర్థం. మొన మీద పడ్డ బరువును హుక్కు తన టన్నుల్లో సగం కూడా మోయలేదు. నోరు తెరుచుకుంది కానీ మొన మీద ఏ గీతా లేదంటే ఉత్త ఓవర్‌లోడ్. హుక్కు ఒక పక్కకు మెలి తిరిగిందంటే బరువును నిలువుగా ఎత్తకుండా అడ్డంగా లాగారు.

ఈ అడ్డం లాగడం క్వారీల్లో మరీ ఎక్కువ. డైమండ్ వైర్‌తో కోసిన దిమ్మను బెంచీ (క్వారీలో మెట్టులా కోసిన రాతి వరస) నుంచి కొంచెం కదిలించాలంటే ఎక్స్‌కవేటర్ వచ్చేదాకా ఆగే ఓపిక ఉండదు. డెరిక్ హుక్కు తగిలించి, దూరం నుంచి ఏటవాలుగా లాగుతారు. దిమ్మ కదులుతుంది, నిజమే. హుక్కు, తాడు, బూమ్ మూడూ ఆ లాగుడును గుర్తుపెట్టుకుంటాయి. ఈడ్చే పని వించిదో ఎక్స్‌కవేటర్‌దో, క్రేన్ హుక్కుది ఎప్పుడూ కాదు.

అడుగు భాగంలో ఒకే చోట గాడి పడిందంటే రోజూ ఒకే మందం వైర్ రోప్ అక్కడే తిరుగుతోందని. అది సహజమైన అరుగుదల, హద్దు దాటితే మార్చుకుంటే చాలు. షాంక్ (హుక్కు పైన నట్టు ఎక్కే కాడ) మర దగ్గర తుప్పు ఉంటే నట్టు కిందికి నీళ్లు దిగుతున్నాయి, గ్రీజు సరిగ్గా పెట్టట్లేదు.

మా దిమ్మ ఎన్ని టన్నులుంటుందో సరిగ్గా తెలియదు. అంచనా ఎలా?

పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో కొలిచి గుణించండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీకి ఘన మీటరుకు సుమారు 3 టన్నులు వేసుకోండి. 2.8 మీటర్ల పొడవు, 1.7 వెడల్పు, 1.5 ఎత్తు ఉంటే 7.14 ఘన మీటర్లు, అంటే దాదాపు 21 టన్నుల పైమాట. చెక్కని దిమ్మయితే బయటికి పొడుచుకొచ్చిన ముక్కలను కూడా కలుపుకుని పెద్ద కొలతే తీసుకోవాలి. కమర్షియల్ కొలత అని వ్యాపారంలో తగ్గించి రాసే కొలతను బరువు లెక్కకు వాడొద్దు. బిల్లులో రాయి తగ్గొచ్చు గానీ క్రేన్ మీద తగ్గదు.

వానాకాలంలో ఇంకో తంటా. అడుగున బురద పట్టిన దిమ్మ మొదటి లాగుడులో తన బరువు కంటే ఎక్కువ చూపిస్తుంది. కిందికి గడ్డపారతోనో ఎక్స్‌కవేటర్‌తోనో గాలి ఆడేలా చేసి, తర్వాత ఎత్తండి.

10 టన్నుల క్రేన్‌కు 15 టన్నుల హుక్కు పెడితే ఇంకా సేఫే కదా?

హుక్కు వరకు సేఫ్. క్రేన్ మాత్రం 10 టన్నులదే. తాడు, డ్రమ్ము, బ్రేకు, బూమ్, ఎన్ని వరసల తాడు మీద హుక్ బ్లాక్ (కప్పీలు, హుక్కు కలిసిన భాగం) వేలాడుతోంది అన్నవి కలిసి టన్నులు నిర్ణయిస్తాయి. వీటిలో అన్నిటికంటే తక్కువ టన్నులున్నది ఏదో దాని లెక్కే మొత్తానికి లెక్క.

పెద్ద హుక్కుతో అసలు ప్రమాదం మనిషి మనసులో ఉంది. కొత్తగా వచ్చిన ఆపరేటర్ హుక్కు మీద 15 అని చూసి 13 టన్నులు ఎత్తడానికి టెన్షన్ పడడు. పైగా పెద్ద హుక్కు బరువు కూడా ఎక్కువే, ఆ మేరకు ఎత్తే బరువు తగ్గించాలి. స్లింగ్ కళ్లు (చివర ఉండే ఉచ్చులు) కూడా పెద్ద హుక్కులో సరిగ్గా కూర్చోకపోవచ్చు. సరిపడే టన్నుల హుక్కే వాడండి.

ఎన్నో రకాలు చూపిస్తున్నారు. మా పనికి ఏది?

హుక్ బ్లాక్‌లో ఉండేది షాంక్ హుక్కు, అది నట్టుతో లోపల బేరింగ్ మీద వేలాడుతుంది. వైర్ రోప్ చివర థింబుల్‌కు (ఉచ్చు లోపల అరగకుండా పెట్టే లోహపు గాడికి) తగిలించేది ఐ హుక్కు. చైన్ స్లింగ్ చివర పిన్నుతో నేరుగా లింకుకు బిగించేది క్లెవిస్ హుక్కు. చైన్‌ను పొట్టి చేయడానికి వాడే సన్న నోటి గ్రాబ్ హుక్కు ఒకటుంది. దాన్ని లింకు మీద తప్ప ఇంకెక్కడా తగిలించకూడదు.

రెండు వైపులా కొమ్ముల్లా ఉండే ర్యామ్స్‌హార్న్ హుక్కు పెద్ద టన్నుల క్రేన్లకు వస్తుంది. దానికి రెండు వైపులా సమానంగా బరువు పడాలి. ఒక కొమ్ముకే తగిలించి ఎత్తేవాళ్లను చూస్తుంటాం, అది తప్పు.

బరువు దిగినా తనంతట తాను తెరుచుకోని సెల్ఫ్ లాకింగ్ హుక్కు కొంచెం ఖరీదు. కానీ స్లింగ్ వదులయ్యి జారే అవకాశం ఉన్నచోట, ముఖ్యంగా ఫ్యాక్టరీలో స్లాబుల కట్టలు ఎత్తేచోట, ఆ డబ్బు దండగ కాదు. స్వివెల్ హుక్కు (మెడ దగ్గర గుండ్రంగా తిరిగేది) కొనేటప్పుడు ఒక్క సంగతి అడగండి: బరువు కింద తిరుగుతుందా, లేక ఖాళీగా ఉన్నప్పుడు సర్దుకోడానికి మాత్రమేనా? బేరింగ్ లేని స్వివెల్‌ను లోడ్ మీద తిప్పితే త్వరగా అరిగిపోతుంది.

చైన్ స్లింగ్ హుక్కు అయితే చైన్ సైజు, గ్రేడ్ (ఉక్కు బలాన్ని చెప్పే తరగతి) రెండూ కలవాలి. 10 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 చైన్ ఒక కాలు మీద 3.15 టన్నులకు, అదే 10 మిల్లీమీటర్ల గ్రేడ్ 100 చైన్ 4 టన్నులకు. గ్రేడ్ 100 చైన్‌కు గ్రేడ్ 80 హుక్కు బిగిస్తే మొత్తం స్లింగ్ 3.15 టన్నులదే అయిపోతుంది. క్లెవిస్ పిన్ను పోతే దాని బదులు హార్డ్‌వేర్ షాపులో దొరికే బోల్టు పెట్టడం మన దగ్గర మామూలు. దయచేసి పెట్టొద్దు. ఆ హుక్కు కంపెనీ పిన్నే వాడాలి, అడ్డం కొట్టే చిన్న రోల్ పిన్ను ప్రతిసారీ కొత్తది వేయాలి.

షాంక్ హుక్కు మార్చాలంటే ఏయే కొలతలు పట్టుకెళ్లాలి?

ముందు పాత హుక్కు మీద నంబరు, గ్రేడు అక్షరం ఉన్నాయేమో చూడండి. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 15401 ప్రకారం చేసిన వాటికి హుక్కు నంబరు ఉంటుంది. డిఐఎన్ 15400 ప్రకారం ఎం, పి, ఎస్, టి, వి అని బలాన్ని బట్టి అక్షరాలు ఉంటాయి. మన ప్రమాణం షాంక్ హుక్కులకు ఐఎస్ 15560. ఒకే నంబరు హుక్కు అయినా అక్షరాన్ని బట్టి, క్రేన్ ఎంత గట్టిగా పని చేస్తుందన్న తరగతిని బట్టి టన్నులు మారతాయి. అందుకే "సేమ్ సైజు" అని షాపువాడు అన్నంత మాత్రాన సేమ్ టన్నులు కాదు.

కొలతల్లో షాంక్ వ్యాసం, మర రకం, మర పిచ్, మర పొడవు, క్రాస్‌హెడ్ (హుక్ బ్లాక్‌లో షాంక్ దూరే అడ్డ దిమ్మ) లోపలి రంధ్రం, థ్రస్ట్ బేరింగ్ కూర్చునే చోటు, నోరు, అడుగు మందం తీసుకోండి. మర విషయంలో ఊహతో పోవద్దు. హుక్కులకు గుండ్రటి మరలూ ఉంటాయి, మామూలు మెట్రిక్ మరలూ ఉంటాయి. పాత నట్టు కొత్త షాంక్ మీద రెండు చుట్లు తిరిగి బిగుసుకుందంటే పానా వేసి తిప్పకండి, మర తేడాగా ఉంది. కుదిరితే హుక్కూ నట్టూ జతగానే కొనండి.

షాంక్‌లో పగుళ్లు ఎక్కువగా పుట్టేది నట్టు కింద మర మొదలయ్యే చోట. విప్పకుండా ఆ చోటు కనపడదు. కొత్తది బిగించాక నట్టు తిరిగిపోకుండా లాక్ ప్లేటో పిన్నో ఉండాలి. పిన్ను దొరకలేదని నట్టుకు రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టించారంటే కొత్త హుక్కును కొన్న రోజే పాడు చేసినట్టు.

బిగించాక ఖాళీ హుక్కును చేత్తో తిప్పి చూడండి. ఏ శబ్దమూ లేకుండా సాఫీగా తిరగాలి. గరగరమంటే బేరింగ్‌లో రాతి పొడి చేరింది. గ్రానైట్ పొడికి గ్రీజు తోడైతే అది సానపట్టే పేస్టే. బేరింగ్ కూడా అప్పుడే మార్చేయండి, మళ్లీ విప్పే పని తప్పుతుంది.

హుక్కు మీద ఏమేం రాసి ఉండాలి? ఏ కాగితాలు అడగాలి?

తయారీదారు పేరు లేదా గుర్తు, టన్నులు, గ్రేడు, ఏ బ్యాచో తెలిపే నంబరు ఉక్కులోనే పడి ఉండాలి. స్టిక్కరు, పెయింటు రాతలు లెక్కలోకి రావు. టెస్ట్ సర్టిఫికెట్ మీదున్న నంబరు, హుక్కు మీదున్న నంబరు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. ప్రూఫ్ లోడ్ (పరీక్ష కోసం వేసే బరువు) ఎంత పెట్టి పరీక్షించారో అందులో ఉండాలి. సర్టిఫికెట్ "తర్వాత వాట్సాప్‌లో పంపిస్తాం" అంటే హుక్కు కూడా తర్వాతే తీసుకోండి.

బిల్లు మీద టన్నులు, గ్రేడు, ప్రమాణం పేరు రాయించండి. ఉత్త "క్రేన్ హుక్కు 1 నెం." అని రాసిన బిల్లు రేపు ఏదైనా జరిగితే ఎందుకూ పనికిరాదు.

పాత ఇనుప సామాన్ల దగ్గర మంచి కండిషన్‌లో హుక్కు దొరికింది. ధర సగం కంటే తక్కువ. తీసుకోవచ్చా?

పెయింటు కొత్తగా ఉంటే అనుమానం ఇంకా పెంచుకోండి. ఆ హుక్కు ఎంత లోడ్ చూసిందో, మంట తగిలిందో లేదో, ఎవరు తీసి పారేశారో, ఎందుకు పారేశారో చెప్పేవాడు లేడు. మొదటి కొలత కూడా లేదు కాబట్టి తెరుచుకుందో లేదో కొలిచే దారీ లేదు. మా సలహా: తీసుకోవద్దు.

పోత పోసిన హుక్కులు, ప్లేటు కోసి చేసిన లోకల్ హుక్కులు కూడా ఇంతే. ఉక్కు ఫ్యాక్టరీల్లో లేడిల్ (కరిగిన ఉక్కు పాత్ర) ఎత్తే ప్లేటు హుక్కులు ఉంటాయి గానీ వాటి డిజైన్ వేరు, లెక్క వేరు. గ్యాస్ కట్టర్‌తో ప్లేటు కోస్తే అది అయిపోదు.

సేఫ్టీ లాచ్ (హుక్కు నోటికి అడ్డంగా ఉండే స్ప్రింగు రేకు) పనికి అడ్డొస్తోందని మావాళ్లు తీసేశారు. అంత ముఖ్యమా?

లాచ్ బరువు మోయదు. స్లింగ్ వదులైనప్పుడు అది హుక్కు నుంచి జారకుండా చూడటమే దాని పని. దిమ్మ లారీ మీద కూర్చోగానే తాడు ఒక క్షణం వదులవుతుంది కదా, సరిగ్గా అప్పుడే కన్ను మొన మీదికి పాకుతుంది. ఆపరేటర్ చూసుకోకుండా మళ్లీ ఎత్తితే మొన మీద లోడ్, లేదంటే ఏకంగా జారుడు.

లాచ్ అడ్డొస్తోందంటే సాధారణంగా స్లింగ్ కన్ను లావుగా ఉందనో, ఒకే హుక్కులో మూడు నాలుగు కళ్లు కుక్కుతున్నారనో అర్థం. అలాంటప్పుడు పెద్ద షాకిల్ (పిన్నుతో మూసే యూ ఆకారపు కడ్డీ) గానీ మాస్టర్ లింక్ (స్లింగ్ కాళ్లన్నీ చేరే పెద్ద రింగు) గానీ మధ్యలో వాడండి. లాచ్ స్ప్రింగు పోతే కిట్ విడిగా దొరుకుతుంది, ఖర్చు తక్కువ. బైండింగ్ వైరు చుట్టి లాచ్ అనిపించడం చాలా చోట్ల చూస్తాం, దాన్ని లాచ్ కింద లెక్కపెట్టకండి. ఇంకో మాట: లాచ్ వంగిపోయి నోటిలోకి దిగిపోయిందంటే లాచ్‌నే తిట్టుకోకుండా హుక్కు నోరు కూడా కొలవండి.

రెండు కాళ్ల స్లింగ్ ఎంత వెడల్పుగా పోనివ్వొచ్చు?

20 టన్నుల దిమ్మను రెండు కాళ్లతో ఎత్తుతున్నారనుకోండి. కాళ్లు నేలకు 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలు మీద దాదాపు 11.5 టన్నులు. 45 డిగ్రీలకు దిగితే 14 టన్నుల పైన. 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలు మీద 20 టన్నులు, అంటే దిమ్మ మొత్తం బరువు ఒక్కో కాలు మోస్తోంది. స్లింగ్ పొట్టిగా ఉండి దిమ్మ పొడవుగా ఉంటే జరిగేది ఇదే.

క్రేన్ హుక్కు నోట్లో నేరుగా తగిలించిన రెండు కాళ్ల మధ్య కోణం 90 డిగ్రీలు దాటకూడదు. దాటితే కాళ్లు హుక్కును అటొకటి ఇటొకటి లాగి నోరు తెరుస్తాయి, లాచ్‌ను నెడతాయి. పొడవు స్లింగ్ వాడండి, లేకపోతే స్ప్రెడర్ బీమ్ (కాళ్లను ఎడంగా, నిలువుగా ఉంచే అడ్డ దూలం) వాడండి. దిమ్మ అంచుల దగ్గర తాడుకు, బెల్టుకు మెత్తలు పెట్టడం మరవొద్దు. కోసిన గెలాక్సీ అంచు బెల్టును కత్తిలా కోస్తుంది.

ఎక్స్‌కవేటర్ బకెట్‌కు హుక్కు వెల్డింగ్ చేయించుకుంటే పని సులువు కదా?

మామూలు క్రేన్ హుక్కును దేనికీ వెల్డింగ్ చేయకూడదు. వెల్డింగ్ కోసమే చేసిన వెల్డ్-ఆన్ హుక్కులు వేరుగా దొరుకుతాయి. వాటికి ఏ ఎలక్ట్రోడు, ఎంత ముందు వేడి, ఎక్కడ వెల్డు అన్నది కంపెనీ రాసి ఇస్తుంది. అది చదివి చేసే వెల్డరు ఉంటే, మీ ఎక్స్‌కవేటర్ కంపెనీ అందుకు ఒప్పుకుంటే, ఆ మోడల్‌కు లిఫ్టింగ్ చార్టు ఉంటే అప్పుడు ఆలోచించండి. బకెట్ పళ్లకు చైన్ చుట్టి ఎత్తడం మాత్రం ఏ లెక్కలోనూ రాదు, పన్ను ఊడితే చైన్ అక్కడ ఆగదు.

కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పు గాలికి హుక్కులు త్వరగా తుప్పు పడుతున్నాయి. గాల్వనైజ్ చేయిస్తే?

చేయించొద్దు. గ్రేడ్ 80, గ్రేడ్ 100 లాంటి అల్లాయ్ హుక్కులను మీరు బయట యాసిడ్‌లో ముంచి జింకు పూత వేయిస్తే హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పెళుసు చేస్తుంది. పైకి తళతళలాడుతుంది, లోడ్ పడ్డాక పగులుతుంది. తుప్పు వదిలించడానికి యాసిడ్ వాడటం కూడా ఇదే పొరపాటు. జింకు పూత కావాలంటే కంపెనీనే తన పద్ధతిలో వేసి ఇచ్చినది కొనాలి.

వైర్ బ్రష్, పల్చటి నూనె, మర దగ్గర గ్రీజు, వాడనప్పుడు నేల మీద పడేయకుండా వేలాడదీయడం, ఇవి చాలు. పైపైన ఎర్రటి తుప్పు బ్రష్‌కు పోతే పర్లేదు. బ్రష్ చేశాక గోరు ఆనేంత గుంటలు తేలితే అది పక్కన పెట్టాల్సిన హుక్కు. పెయింటు విషయంలో మా అభిప్రాయం, మందంగా వేయొద్దు. మూడు పూతల పసుపు రంగు కింద పగులు హాయిగా దాక్కుంటుంది.

మే నెల ఎండకు హుక్కు బలం తగ్గుతుందా?

తగ్గదు. గ్రేడ్ 80 చైన్, హుక్కులు 200 డిగ్రీల సెల్సియస్ దాకా పూర్తి టన్నులు మోస్తాయి. ఎండకు జాగ్రత్త పడాల్సింది ఆపరేటర్, రిగ్గర్ (స్లింగ్ కట్టే మనిషి). వాళ్లకు నీళ్లు, నీడ ఇవ్వండి. మంట దగ్గర, ఫర్నేస్ దగ్గర పని అయితే మాత్రం కంపెనీ ఇచ్చే వేడి పట్టిక చూడాలి.

పగులు ఉందో లేదో మేమే చూసుకోగలమా?

మొదటి చూపు మీరే చూడొచ్చు. డీపీ టెస్ట్ (పగుళ్లలోకి రంగు ద్రవం ఇంకించి చూసే డై పెనెట్రంట్ పరీక్ష) కిట్‌లో మూడు స్ప్రేలు ఉంటాయి. పెయింటు, గ్రీజు పూర్తిగా తీసి క్లీనర్‌తో తుడవాలి. ఎర్ర ద్రవం కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. గుడ్డతో తుడిచి తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రటి గీత మెల్లగా ఊరుతుంది. పెయింటు మీదే కొట్టి "ఏం లేదు" అనుకునేవాళ్లున్నారు. పెయింటుకు పగులు లేదని మాత్రమే తేలుతుంది అప్పుడు. అడుగు భాగం లోపలి వంపు, మెడ, మర మొదలు తప్పక చూడాలి. లోతుగా తేల్చాలంటే అయస్కాంత పొడి పరీక్ష చేసే మనిషిని పిలవండి.

చట్టం ప్రకారం పరీక్ష ఎప్పుడెప్పుడు?

1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 నుంచీ వస్తున్న నియమం: ఎత్తే యంత్రాలు, చైన్లు, తాళ్లు, హుక్కుల లాంటి సామాన్లు కనీసం 12 నెలలకోసారి కాంపిటెంట్ పర్సన్ (ఈ పరీక్షకు ప్రభుత్వ గుర్తింపు ఉన్న నిపుణుడు) పూర్తిగా పరీక్షించాలి, రిజిస్టర్ ఉండాలి, సేఫ్ వర్కింగ్ లోడ్ దాటకూడదు. క్వారీలు డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర శాఖ) పరిధిలోకి వస్తాయి, వాటికి 1952 గనుల చట్టం ఉండేది. ఓడరేవు పనికి 1986 డాక్ వర్కర్ల చట్టం, 1990 నిబంధనలు ఉండేవి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020లో ఈ చట్టాలన్నిటినీ కలిపేశారు.

ఏడాదికోసారి అన్నది కనీసం మాత్రమే. రెండు షిఫ్టులు నడిచే క్వారీలో నెలకోసారి కొలవడం, రోజూ షిఫ్టు మొదట్లో ఆపరేటర్ ఒకసారి చూడటం మా లెక్కలో తప్పనిసరి. రోజువారీ చూపుకు ఐదు నిమిషాలు చాలు: నోరు, లాచ్, నట్టు లాక్, తిరుగుడు, టన్నుల ముద్ర.

కొత్త హుక్కు బిగించాక మొదటి రోజు ఏం చేయాలి?

నేరుగా పెద్ద దిమ్మకు పోవద్దు. ఖాళీగా పైకి కిందికి నడిపి, లిమిట్ స్విచ్ సరిగ్గా ఆపుతోందా చూడండి, ఎందుకంటే హుక్ బ్లాక్ పొడవు కొంచెం మారి ఉండొచ్చు. తర్వాత చిన్న బరువు, ఆ తర్వాత కాంపిటెంట్ పర్సన్ సమక్షంలో లోడ్ టెస్ట్. టెస్ట్ బరువును నేల నుంచి కొద్దిగా మాత్రమే లేపి కాసేపు ఆపి చూడాలి. టెస్ట్ అయ్యాక గుర్తుల మధ్య దూరం మళ్లీ కొలవండి. మొదట రాసుకున్నంతే ఉండాలి. తేడా వస్తే ఆ హుక్కును కొన్నచోటికే తిప్పి పంపండి.

ఎత్తేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదని వేరే చెప్పాలా అనిపిస్తుంది గానీ, దిమ్మ ఊగకుండా చేత్తో పట్టుకుని నడిచే మనిషి ప్రతి యార్డులోనూ కనిపిస్తాడు. అతని చేతికి పొడవాటి తాడు ఇవ్వండి.

క్రేన్ హుక్కుకు బుట్ట తగిలించి మనిషిని పైకి పంపొచ్చా?

పంపకూడదు. ఎత్తులో పనికి మ్యాన్ లిఫ్ట్ అద్దెకు దొరుకుతుంది.

తీసేసిన పాత హుక్కును ఏం చేయాలి?

స్టోర్‌లో మూలన పడేయొద్దు. ఏదో ఒక రాత్రి షిఫ్టులో అర్జెంటు పడితే ఎవరో ఒకరు తీసి వాడేస్తారు. తీసిన రోజే గ్యాస్ కట్టర్‌తో మెడ దగ్గర అడ్డంగా కోసి రెండు ముక్కలు చేయండి. టన్నుల ముద్రను కూడా కోసేయండి. ఆ తర్వాతే తూకానికి అమ్మండి. రిజిస్టర్‌లో దాని నంబరు ఎదురుగా తేదీ, తీసేసిన కారణం, చివరి కొలత రాసి సంతకం పెట్టించుకోండి.